గవర్నరు పలకలేదు

మా ఇంటికి అధ్యక్షుడెవరో పెళ్ళయిన వారంలోనే తేలిపోయింది. కర్టెన్ల రంగు మార్చాలన్నా మా ఆయన వేణుగోపాలరావుగారు సెలవివ్వాల్సిందే. అందుకే మా చరిత, "అమ్మా, రేపటి డిబేట్‌కి ప్రాక్టీసు, నువ్వు గవర్నరు తరఫున మాట్లాడు" అన్నప్పుడు నాకు నవ్వాగలేదు.

తగువు అమెరికాది. అక్కడ ప్రతి రాష్ట్రానికీ సొంత సైనిక దళం ఉంటుంది, మామూలుగా దాని పగ్గాలు గవర్నరు చేతిలో ఉంటాయి. తుఫానో వరదో వచ్చినప్పుడు, గవర్నరు ఒప్పుకోకపోయినా ఆ దళాన్ని అధ్యక్షుడు తన చేతిలోకి తీసుకోవచ్చా? తీసుకోవాల్సిందేనని చరిత వాదం. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలోని పాత బిల్డింగులో, నాలుగో అంతస్తులో కూర్చుని తల్లీకూతుళ్ళం అమెరికా సైన్యాన్ని పంచుకుంటున్నామన్నమాట.

ఆ శుక్రవారం మధ్యాహ్నం బయట దుమ్ము లేచింది. ఎదురు బిల్డింగు కనబడటం లేదు. చరితకి ఉబ్బసం. దుమ్ము లేచిందంటే నా ప్రాణం గుప్పిట్లోకి వస్తుంది. కిటికీల సందులన్నీ టేపుతో మూసేసి, తలుపు గడియ పెట్టేశాను.

అప్పుడే ఆయన పేరుతో ఫోను మోగింది. ఇక్కడ శుక్రవారం సెలవు, అయినా డ్యూటీకి వెళ్ళారు. గ్యాస్ ప్లాంటులోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు కాబట్టి డ్యూటీలో ఎప్పుడూ చెయ్యరు. బ్రేక్ ఇచ్చారేమోననుకుని స్పీకర్ పెట్టాను.

"నాన్నా, నువ్వే జడ్జివి!" అంది చరిత.

"సరే, కానియ్యండి" అన్నారు. ఆయన వెనకాల చిన్న చప్పుడు కూడా లేదు. ఇంత నిశ్శబ్దం ఆ ప్లాంటులో ఎక్కడ దొరికిందా అనుకున్నాను.

చరిత మొదలెట్టింది. "తుఫాను రాష్ట్రం సరిహద్దు చూసుకుని ఆగదు. ఇద్దరు ఆజ్ఞలిస్తే సైనికుడు ఎవరి మాట వినాలి? మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. ఒక్కరే చెప్పాలి."

"దూరపు కొండలు నునుపు" అన్నాను నేను. "రాజధానిలో కూర్చున్నాయనకి మ్యాపు కనిపిస్తుంది. నీళ్ళు ఏ వీధిలోకి వచ్చాయో గవర్నరుకి కనిపిస్తుంది."

"అధ్యక్షుడి మాటే వినాలి" అన్నారు ఆయన. జడ్జి ఇంత తొందరగా తీర్పు చెప్పకూడదని చరిత నవ్వింది. ఆయన నవ్వలేదు.

కరెంటు పోయింది. వెంటనే బిల్డింగు ఫైర్ అలారం మోగింది.

"తలుపు తియ్యకు భానూ" అన్నారు ఫోనులో. "దుమ్ముకి ఆ అలారాలు ఊరికే మోగుతాయి. బయటికొస్తే పిల్లకి ఊపిరాడదు."

నిజమే. కిందటేడు కూడా దుమ్ముకే మోగింది, అందరం దిగాక ఊపిరాడక చరితని ఆసుపత్రికి మోసుకెళ్ళాల్సొచ్చింది. నేను కూర్చుండిపోయాను.

అప్పుడు తలుపు మీద దబదబా బాదుతూ ఎవరో పిలిచారు. "భానూ!"

ఆయన గొంతే. అలారం మోతలో కూడా స్పష్టంగా వినిపించింది. నన్ను అలా పిలిచేది లోకంలో ఆయనొక్కరే.

"నాన్న వచ్చేశాడు!" అని చరిత లేచింది.

"నేనిక్కడే ఉన్నాను కదమ్మా" అన్నారు ఫోనులో, చాలా నెమ్మదిగా.

పిఠాపురంలో మా అమ్మమ్మ చెప్పేది, బయటినుంచి పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గానీ పలక్కూడదని. మనిషైతే మూడోసారి పిలుస్తాడట. గాలి అయితే రెండుసార్లే పిలవగలదట. ఎంబీయే చదివినదాన్ని, అయినా ఇప్పటికీ కూరగాయలవాడు పిలిచినా మూడోసారికే పలుకుతాను. చరితని పట్టుకుని దాని నోరు మూశాను.

"భానూ! చరితని తీసుకుని బయటికి రా!"

రెండోసారి. నేను ఊపిరి బిగబట్టి మూడో పిలుపు కోసం చూశాను. అలారం మోగుతూనే ఉంది. పిలుపు మాత్రం రాలేదు.

"చూశావా? వెళ్ళిపోయింది" అన్నారు ఫోనులో. "నేను చెప్పేదాకా కదలకండి."

వెళ్ళిపోయింది అన్నారు. నా మనసులోని లెక్క ఆయనకెలా తెలిసిందో నాకర్థం కాలేదు. చెయ్యి తీశాను. చరిత ఊపిరిలో ఈల వినిపించింది. తలుపు కింది సందులోంచి సన్నగా పొగ లోపలికి పాకుతోంది. అది దుమ్ము కాదు, కాలుతున్న వైరు వాసన.

చాలా భయం వేసింది. భయంతోపాటు కోపం కూడా వచ్చింది. ఒకే గొంతు ఉండమంటోంది, అదే గొంతు రమ్మంటోంది. పొగ కనబడుతున్నది నాకు. ఊపిరాడనిది నా పిల్లకి. తువ్వాలు తడిపి చరిత ముక్కుకి కట్టాను, ఇన్‌హేలర్ తీసుకున్నాను. ఫోను సోఫాలోనే వదిలేశాను.

"భానూ, వద్దు" అంటోంది ఫోను. గడియ తీశాను.

మెట్ల మీద కళ్ళు కనబడలేదు. గోడ తడుముకుంటూ, దగ్గుతూ దిగాం. రెండో అంతస్తులో ఒక ఫ్లాటులోంచి మంట ఎగదన్నుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే ఆ మెట్లు మాకు దక్కేవి కావు.

కింద దుమ్ములో జనం గుంపుగా నిలబడ్డారు. మా బిల్డింగు కాపలా మనిషి తల్హా, సార్ మమ్మల్ని పిలవడానికి పైకెళ్ళారని నన్ను చూసి అరిచాడు. "మేడమ్! సాబ్ ఊపర్ గయే థే, ఆప్‌కో బులానే!"

అతని వెనకే ఆయన, ఒళ్ళంతా మసి. పరుగున వచ్చారు.

"ఎక్కడున్నారే! తలుపు బాదాను, రెండుసార్లు పిలిచాను. పలక్కపోతే దిగిపోయారనుకుని కిందికొచ్చి వెతుకుతున్నాను. మళ్ళీ ఎక్కుదామంటే ఫైర్ వాళ్ళు పోనివ్వలేదు."

"ఫోనులో మీరే కదండీ..."

"ఫోనా? దుమ్మని ముందే ఇంటికి పంపించేశారు. హడావిడిలో ఫోను లాకర్లోనే మరిచిపోయి వచ్చాను."

"మరి మాకు జడ్జిగా ఉన్నదెవరు నాన్నా?" అంది చరిత, తువ్వాల్లోంచి.

"ఏం జడ్జి?" అన్నారాయన.

చరితకి ఇన్‌హేలర్ పట్టాను. ఈల తగ్గలేదు. ఆయన చెయ్యి చాపారు. "పిల్లని ఇలా ఇవ్వు. కారులో ఏసీ వేస్తాను, ఊపిరి తేలికవుతుంది."

మంచిమాటే. కారు పది అడుగుల్లో ఉంది. మసి పట్టిన ఆ చేతి మీద నాకు తెలిసిన పుట్టుమచ్చ ఉంది. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. తల్హా సాక్ష్యం ఉంది. అన్నీ చూశాను. అయినా తలుపు దగ్గర వినబడింది రెండు పిలుపులే.

"ఇవ్వు భానూ" అన్నారు మళ్ళీ, బతిమాలుతూ.

చరిత ఊపిరి కోసం ఎగపోస్తోంది. నేను మాత్రం దాన్ని గట్టిగా పొదివి పట్టుకుని, నా మొగుడి చేతికి అందకుండా, ఆ దుమ్ములోకి ఒక అడుగు వెనక్కి వేశాను.