డబ్బా వచ్చింది, రీలు రాలేదు

నేను ఒక జానపద సినిమాకి మొదటి రీలును. కోటలు కూలడం, రాక్షసులు చావడం అన్నీ నా తరువాతి రీళ్ళ గొప్పలు. నా పని చిన్నది. నాలో ఒక చిలక మాట్లాడుతుంది, విన్నవాళ్ళెవరూ ఆశ్చర్యపోరు. దాంతో ఈ లోకంలో చిలకలు మాట్లాడతాయని జనం ఒప్పేసుకుంటారు. ఆ వెనకే, దాహంతో నాలుక పిడచకట్టిన రాకుమారుడు తన దోసిట్లో ఉన్న ఆఖరి గుక్క నీళ్ళు ఆ చిలకకు పట్టిస్తాడు. వాడెలాంటివాడో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. మద్రాసులో నన్ను కూర్చిన ఎడిటరు, "మొదట్లో నమ్మిస్తే చివరిదాకా నమ్ముతారు" అనేవాడు.

మాది ఒకే ప్రింటు, ఆడేది రెండు ఊళ్ళలో. టౌను హాల్లో ఆడిన రీళ్ళను ఏసోబు సైకిలు మీద నాలుగు మైళ్ళ అవతల ఉన్న డేరా టాకీసుకు మోసేవాడు. ఈ సినిమా కూడా ఆడకపోతే డేరా పీకేస్తానని యజమాని రంగనాయకులు తేల్చి చెప్పాడు. ఆపరేటరు సుభానీకి సినిమా వేయడం తప్ప వేరే పని రాదు.

తీరా మొదటి రోజు సాయంత్రం ఆటకు నా డబ్బా వెళ్ళింది, నేను వెళ్ళలేదు. హాలువాళ్ళు నన్ను తిరగచుట్టే చక్రానికే వదిలేసి, ఖాళీ డబ్బాకు మూత బిగించి ఇచ్చారు. తొందరలో ఏసోబు బరువైనా చూసుకోలేదు. సంగతి తెలియగానే పాపం వెనక్కి తొక్కాడు.

అక్కడ జరిగింది తరువాత సుభానీ చెప్పగా విన్నాను. జనం కేకలకు తాళలేక రంగనాయకులు, నా డబ్బాతో పాటే వచ్చిన రెండో రీలు వేయించాడట. అందులో రాకుమారుడు చిలక ప్రాణం కోసం తన కిరీటం తీసి మంత్రగాడి ముందు పెడతాడు. డేరా అంతా గొల్లున నవ్వింది.

"పిట్ట కోసం రాజ్యం ఇస్తాడంట! ఈడి పిచ్చి తగలెయ్య!" అని నేల క్లాసులో ఒకాయన అరిచాడు. కొందరు తువ్వాళ్ళు దులుపుకుని లేచారు.

అప్పుడు చేరాం, నేనూ, మూడో రీలూ, చెమటతో తడిసి ముద్దయిన ఏసోబూ. సుభానీ వెంటనే యంత్రం ఆపేశాడు.

"మళ్ళీ ఆపావేంది? ఉన్నోళ్ళు గూడా పోతారు!" అన్నాడు రంగనాయకులు.

"మొదలు లేకుండా కథేందయ్యా? మొదట్నించీ ఏస్తా. జనం పోతే నన్నూ పంపెయ్యండి."

నేను తిరిగాను. చిలక మాట్లాడింది. లేచినవాళ్ళు కూర్చున్నారు. దోసిట్లో నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి చంటిపిల్లల ఏడుపు తప్ప ఇంకో చప్పుడు లేదు. తరువాత అదే రెండో రీలు, అదే కిరీటం. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇందాక అరిచినాయన ముక్కు చీదుకున్నాడు. డేరా ఆరు వారాలు కదల్లేదు.

ఏసోబు ఆ రోజు గుంజ పట్టుకుని నన్ను చూశాడు. "అన్నా, డబ్బాల్లో నేను మోసేది ఇట్టాంటియ్యా?" అని సుభానీని అడిగి, నాలుగో రీలు కోసం మళ్ళీ సైకిలెక్కాడు.

ఇప్పుడు డేరాలు లేవు. మిగతా రీళ్ళు ఏ తుక్కులో కలిశాయో తెలియదు. సుభానీ దాచి ఇవ్వబట్టి నేను మాత్రం ఏసోబు ఇంట్లో, బియ్యం డబ్బా పక్కన, పాత ఫిల్ముకు పట్టే పులిసిన వాసనేస్తూ బతికున్నాను. నా కోసం పరుగున తొక్కిన ఆ కాళ్ళకు రోజూ మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

అప్పుడప్పుడూ ఆయన నన్ను ఎండకెత్తి మనవరాలికి చిలకను చూపిస్తాడు. "తర్వాతేమైంది తాతా?" అంటుంది ఆ పిల్ల. తరువాతి రీళ్ళు ఆయన చూడనేలేదు, అవి ఆడేటప్పుడు సైకిలు మీదే ఉన్నాడు. అయినా తడుముకోకుండా చెబుతాడు. కథ రోజుకో దారి పడుతుంది. కానీ ఏ రోజూ ఆ రాకుమారుడు చిలకను వదిలి వెళ్ళడు.