చివరి ఇంటి లైను

చూరు కింద నిచ్చెన మీద నిలబడి మిషన్లాయన తీగ మొన మీది పచ్చటి చిలుము గీకుతున్నాడు. బ్లేడు ఆనించి, నాలుక కొరుక్కుని, రాగి మెరిసేదాకా గీకాడు. రెండు మొనలూ కలిపి మెలేసి, టేపు చుట్టి, పంటితో తుంచాడు. నిచ్చెన దిగకుండానే కిటికీలోంచి తొంగిచూసి భార్యకి చెయ్యి ఊపాడు. ఆమె బల్ల మీది కంప్యూటర్ తెర వైపు చూసి తల అడ్డంగా ఆడించింది.

తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది.

"తిరుగు. నీకెంత ఓపికుందో నాకూ అంతే ఉంది," అన్నాడు దానితో.

బట్టలు కుట్టే కార్ఖానాలో పాడైన కుట్టుమిషన్లు బాగుచెయ్యడం ఆయన పని. మీసాలు రాకముందు చేరాడు, నెరిశాక కూడా అక్కడే ఉన్నాడు. పొట్టి మనిషి. గోళ్ళ సందుల్లో నూనె నలుపు ఎంత రుద్దినా పోదు. మాట తక్కువ. ఇంట్లో మాటతో పని లేకపోవడం వల్ల అలా అలవాటైపోయింది. భార్యకి పుట్టుకతోనే వినపడదు. ఆమె చేతులతో మాట్లాడుతుంది. ఆ చేతుల భాష ఎవరూ నేర్పింది కాదు, ఆమే వాళ్ళ అక్కా చిన్నప్పుడు ఆటల్లో పడి కట్టుకున్నది. అక్కకి అన్నీ వినపడతాయి, గలగలా మాట్లాడుతుంది. అయినా చెల్లెలి కోసం కట్టింది. ఇంత కాపురం చేశాక మిషన్లాయనకి అందులో సగం వచ్చింది. ఆకలి, నీళ్ళు, నెప్పి, కోపం, ఆలస్యం. మిగతా సగం అక్క దగ్గరే ఉండిపోయింది. నవ్వులన్నీ ఆ సగంలోనే ఉన్నట్టున్నాయి. భార్య గొంతెత్తి నవ్వేది అక్కతోనే.

అక్క ఉండేది రైలెక్కి వెళ్ళేంత దూరంలో. ఈవిడకి తుంటి విరిగి అతికాక గేటుదాకా నడవడమే గొప్ప. ఆవిడేమో గుండె నీరసించి మంచం దిగడం లేదు. ఆవిడ కూతురు మొన్న ఫోన్ చేసింది.

"బాబాయ్, డాక్టర్లు ఇంక చెయ్యడానికేం లేదన్నారు. పిన్నితో ఒక్కసారి తెగకుండా మాట్లాడాలని అమ్మ అడుగుతోంది."

తెగకుండా ఉండటమే ఆ ఇంట్లో జరగని పని. ఊరు దాటి రాళ్ళగుట్ట దాటితే వచ్చే ఆఖరి ఇల్లు అది. సెల్ సిగ్నల్ గుట్ట ఎక్కదు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి నుంచి స్తంభాల మీద వేలాడుతూ వచ్చే రాగి తీగే దిక్కు. అంత దూరం వచ్చేసరికి ఇంటర్నెట్టు ఉస్సూరని కూలబడుతుంది. తెర మీద అక్క చెయ్యి లేస్తుంది, గాల్లో ఆగిపోతుంది, ముక్కలవుతుంది, మళ్ళీ చూస్తే ఒళ్ళో ఉంటుంది. మధ్యలో ఏమందో తెలీదు. మామూలు మనుషులైతే బొమ్మ ఆగినా గొంతుతో నెట్టుకొస్తారు. వీళ్ళకి బొమ్మే గొంతు. అందుకని అక్కాచెల్లెళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మాట చెప్పినవాళ్ళు ఎత్తిన చెయ్యి అలాగే కదలకుండా పట్టుకోవాలి. అవతలివాళ్ళకి అంది తల ఊపాకే దించాలి. నాలుగు మాటలయ్యేసరికి ఇద్దరికీ భుజాలు పీకేవి.

ఫోన్ వచ్చినప్పటి నుంచి మిషన్లాయన ఆ లైను వెంట పడ్డాడు. మోడెం పెట్టెని ఫ్రిజ్ పక్కనుంచి తప్పించాడు. గాలిలో వచ్చేదాన్ని నమ్మక మోడెంకీ తెరకీ మధ్య తీగ లాగాడు. నలిగిన తీగ మార్చాడు. కాస్త మెరుగైంది. కాస్త చాలదు.

ఆ రోజు కార్ఖానాలో పొద్దుటి పని చూసుకుని, మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యకుండానే ఎక్స్‌ఛేంజికి నడిచాడు. లైన్‌మన్ మెట్ల మీద కూర్చుని చెప్పులో గులకరాయి దులుపుకుంటున్నాడు.

"మళ్ళీ వచ్చావా పెద్దాయనా? లోపల కుర్చీ వేయించమంటావా నీకు?"

"వేస్తే కూర్చుంటా. లైను సంగతి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పను? దూరం. మీ ఇంటికి వచ్చేది ఇంతే."

"ఇంతే అని ఎవరన్నారు?"

"తీగే అంది."

"నాతో అనలేదు."

లైన్‌మన్ నవ్వి చెప్పు తొడుక్కున్నాడు. "నీ మంకుపట్టు స్తంభాలకుంటే ఒక్కటీ ఒరిగేది కాదు. సరే, ఇంట్లో లైను ఎక్కడైనా చీలిందా? పక్క గదిలో ఇంకో ఫోను, అలాంటివి?"

"లేవు." మిషన్లాయన వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. "వంటింట్లోకి ఒక తీగుంది. బల్బుకి."

"ఫోను లైనుకి బల్బేంటయ్యా?"

చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో కట్టిన బల్బు అది. ఫోను మోగితే వంటింట్లో ఎర్రగా వెలుగుతుంది. కార్ఖానా నుంచి ఫోను చేసి ఒకసారి వెలిగించి ఆపేస్తే బయల్దేరానని. రెండుసార్లైతే ఆలస్యమని. ఆపకుండా చాలాసేపు వెలిగిందంటే ఊరికేనని. ఈ మూడోది లైన్‌మన్‌కి చెప్పలేదు. ఊరికే వెలిగిన రోజు ఆయన ఇంటికి రాగానే ఆమె వేలితో ఆయన గుండె మీద టకటకా కొట్టి, చూశానులే అన్నట్టు మూతి తిప్పేది. ఆ భాషలో ఆయన సొంతంగా కట్టిన మాట అదొక్కటే.

"అదే లాగేస్తోంది," అన్నాడు లైన్‌మన్. "దాన్ని పీకేసి, లైను ఇంట్లోకి దిగినచోటే మోడెం పెట్టు. ఎంతొస్తుందో చెప్పలేను. ఇప్పటికన్నా వస్తుంది."

మిషన్లాయన కార్ఖానాకి తిరిగొచ్చి పనిముట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. యజమాని గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి? మిషన్లు పడున్నాయి."

"రేపు కూడా పడే ఉంటాయి."

"వెళ్తే రేపు పని ఉండదు."

"మీకుంటుంది కదా. మిషన్లు ఉన్నాయిగా," అని పక్కనుంచి దూరి వచ్చేశాడు.

ఇంటికొచ్చి వంటింట్లో బల్బు కింద నిలబడ్డాడు. పొగకి మసిబారి, సగమే ఎరుపు మిగిలింది. భార్య గోడ పట్టుకుంటూ వచ్చి ఆయన మొహం చూసింది, బల్బు చూసింది, తలుపు దగ్గరి మోడెం చూసింది. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. అరచేత్తో బల్బుని మూసి, ఆయన్ని చేతులతో అడిగింది. మరి నువ్వెలా చెప్తావు?

నేనే వస్తాగా, అన్నాడు చేతులతో.

ఆమె బల్బు మీంచి చెయ్యి తీసింది. తర్వాత ఆయన సంచిలోంచి స్క్రూడ్రైవర్ తానే తీసి ఇచ్చింది.

సాయంత్రం ఎప్పటి వేళకే ఫోను కలిపారు. గుండ్రం రెండు చుట్లు తిరిగి మాయమైంది. అక్క కనపడింది. ఎత్తు దిండ్లు, పలచబడ్డ జుట్టు, వెనక కిటికీకి నీలం పరదా. ఆవిడ కళ్ళార్పితే ఇక్కడ కనపడింది.

"మరిదిగారూ," అంది ఆయాసపడుతూ, "ఇంత లైను ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు?"

"వంటింట్లో, వదినా."

"ఏదో వండుకుంటున్నారేమో అనుకున్నా."

అక్కాచెల్లెళ్ళు అలవాటు ప్రకారం నెమ్మదిగా మొదలుపెట్టారు. ఒక మాట, చెయ్యి పట్టి ఉంచడం, తల ఊపడం. ఇప్పుడు బొమ్మ తెగట్లేదని ముందు అక్కకి అర్థమైంది. చెయ్యి దులిపి, ఇంకెందుకే ఇదంతా అన్నట్టు వేళ్ళు వదిలేసింది. ఆ పైన నాలుగు చేతులూ పరుగందుకున్నాయి. మిషన్లాయనకి ఒక్క ముక్క అందలేదు. తన గురించే ఏదో అన్నారని మాత్రం తెలిసింది, ఎందుకంటే ఇద్దరూ ఒకేసారి ఆయన వైపు చూసి నవ్వారు. భార్య గొంతెత్తి నవ్వింది. ఆ నవ్వు వింటూ నిచ్చెన లోపల పెట్టడానికి పెరట్లోకి వెళ్ళాడు. తొందరపడలేదు. వాళ్ళ మధ్య తనెందుకు.

తిరిగొచ్చేసరికి తెర మీద అక్క దిండుకి తల వాల్చి ఇటే చూస్తోంది. కుడి చెయ్యి గుండె మీద ఉంది. భార్య ఏదో చెప్పి, ఎత్తిన చెయ్యి గాల్లోనే పట్టుకుని ఉంది, తల ఊపు కోసం.

మళ్ళీ ఆగిందనుకున్నాడు. ఒళ్ళు మండింది. మళ్ళీ పెరట్లోకి వెళ్ళి టేపు చుట్టిన చోట నొక్కిచూశాడు. గట్టిగానే ఉంది. వచ్చి చూస్తే అక్క అలాగే ఉంది. మోడెం మీద దీపం నిలకడగా ఉంది. దాన్ని కొట్టబోయి చెయ్యి ఎత్తాడు.

అక్క వెనక నీలం పరదా గాలికి ఉబ్బి, మెల్లిగా వాలింది. మళ్ళీ ఉబ్బింది.

లైను ఆగలేదు.

ఎత్తిన చెయ్యి భార్య భుజం మీద వేశాడు. ఆమె తిరగలేదు. నీలం పరదాని ఆమె ఎప్పుడో చూసిందని ఆ భుజం చెప్పింది. అయినా చెయ్యి దించలేదు. ఆయన తెర ఆపేద్దామని వంగితే రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకుంది. తెర అవతల గదిలోకి అక్క కూతురు మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి, అమ్మని చూసి, గ్లాసు కింద పెట్టి, నేల మీద కూర్చుండిపోయింది.

చివరికి భార్య తనే తల ఊపింది, అక్క తరఫున, అక్క ఊపినట్టే. అప్పుడు చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

కొన్నాళ్ళు పోయాక, గుట్ట ఇవతల లైను తీసేస్తారట అని లైన్‌మన్ చెప్పాడు. "తియ్యమను. ఆ స్తంభం కింద మంచం వేసుకుంటా," అన్నాడు మిషన్లాయన. ఆ మాట వేళాకోళానికి అనలేదని లైన్‌మన్ పైవాళ్ళకి చెప్పినట్టున్నాడు, ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. కార్ఖానాలో పని కూడా పోలేదు. మిషన్లు మొరాయించడం మానలేదు మరి.

ఇంక లైనుతో పనేముందనుకుని, ఒకరోజు బల్బు మళ్ళీ కట్టబోయాడు. భార్య ఆయన చేతిలోంచి దాన్ని లాక్కుంది. తెర వైపు చూపించి, అక్క కూతురిని చేతులతో పిలిచినట్టు చేసింది. ఆ పిల్లకి వాళ్ళ భాషలో సగం కూడా రాదు. రోజూ సాయంత్రం తెర ముందు కూర్చోబెట్టుకుని నేర్పుతోంది. తప్పు చేస్తే బల్ల మీద చరుస్తుంది. మిషన్లాయన కూడా పక్కన కూర్చుని, ఇన్నాళ్ళకి, మిగతా సగం నేర్చుకుంటున్నాడు. అన్నిటికన్నా ఎక్కువ చరుపులు ఆయనకే.

వంటింటి కిటికీ గట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన, ఎర్ర బల్బు అలాగే ఉంది. మసి మాత్రం ఎవరో తుడిచారు.