ఒక్క అడ్డుకర్ర

1972, రెండో చాంద్రమాసం, పద్నాలుగో రోజు. ఆ పొద్దున మల్‌జా ముల్లంగి అట్లు తిన్నది. ఉడికించిన ముల్లంగి తురుమును పల్చటి అట్టులో చుట్టి, గాలవ్వకు నైవేద్యం పెట్టగా మిగిలినవి. రెండోది ఇంకా చేతిలో ఉండగానే గమ్‌నే వూరి ఒడ్డుకు జీపు వచ్చింది.

గాలవ్వ ఏటా ఆ నెలలో జెజు దీవికి వస్తుంది. సముద్రం అడుగున నాచుకూ ఆల్చిప్పలకూ విత్తనాలు చల్లి వెళ్లిపోతుంది. ఊపిరి బిగబట్టి అడుగుదాకా మునిగి, వాటిని ఏరుకొచ్చి ఇల్లు గడుపుకునే మల్‌జా లాంటి మునక ఆడవాళ్లకు అంతకంటే దగ్గరి దేవత లేదు. ఆ రోజు ఆమెను సాగనంపే జాతర.

జీపులోంచి దిగినవాడు మున్ గీచల్. ఆ వూళ్లోనే పుట్టి, పట్నంలో బాబాయి ఇంట పెరిగి, ప్రభుత్వాఫీసులో గుమాస్తా అయినవాడు. వెనకే ఆకుపచ్చ టోపీల కుర్రాళ్లు, సర్కారు మొదలుపెట్టిన కొత్త గ్రామం ఉద్యమం వాళ్లు. "మూఢనమ్మకాలు పోవాలి! కొత్త గ్రామం రావాలి!" అని అరుస్తూ ఒడ్డునున్న రాళ్ల గుడి మీద పడ్డారు. కట్టిన రంగుగుడ్డలన్నీ పీకి తగలబెట్టారు. గణాచారి బోక్‌నే డోలును గీచల్ బూటుకాలితో తొక్కి పగలగొట్టాడు.

"దేశమంతా ఫ్యాక్టరీలు కడుతుంటే మీరింకా దయ్యాలతో మాట్లాడుతున్నారా? సిగ్గులేదూ?"

"దయ్యాలేంటి నాయనా, అందరూ మనవాళ్లే కదా," అన్నది బోక్‌నే. ఆమెను జీపులోకి తోశారు.

ఆ గలాటాలో మల్‌జా ఒక పని చేసింది. బోక్‌నే చేతి గంటలను, ఆమె అమ్మమ్మ నాటి గంటలను, తన వలసంచిలో నాచు కింద కుక్కేసింది. కాపలా నిలబడ్డ కుర్ర పోలీసు అది చూశాడు. చూసి, సముద్రంవైపు తిరిగి సిగరెట్టు వెలిగించుకున్నాడు. ఆమె మలుపు తిరిగేదాకా ఇటు తిరగలేదు. అతనెవరో, ఏ వూరివాడో మల్‌జాకు ఎన్నడూ తెలియలేదు.

సాయంత్రం ఆమె బోక్‌నే ఇల్లు మూసిరావడానికి వెళ్లింది. అక్కడి వాకిళ్లకు రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య మూడు అడ్డుకర్రలు. ఒక కర్ర పెట్టి ఉంటే ఇక్కడే ఎక్కడో ఉన్నాను, ఇప్పుడే వస్తానని. రెండుంటే పొద్దుగూకేసరికి వస్తానని. మూడూ ఉంటే మనిషి దూరం పోయినట్టు. మల్‌జా ఏడుస్తూ మూడూ పెట్టింది. కొన్నాళ్లకు వాచిన కాళ్లతో తిరిగొచ్చిన బోక్‌నే వాకిట్లోనే నిలబడి తిట్టింది: "మూడూ పెట్టావటే? నన్నప్పుడే పాతిపెట్టేశావా?"

పదకొండేళ్ల తర్వాత, 1983లో, గీచల్ మళ్లీ వచ్చాడు. ఇప్పుడతను ఆఫీసరు. తిన్నగా నెగడు దగ్గరికే వచ్చాడు.

నెగడంటే ఛాతీ ఎత్తు రాతిగోడ చుట్టిన చోటు. నీళ్లలోంచి వచ్చిన ఆడవాళ్లు లోపల మంట చుట్టూ కూచుని ఒళ్లు కాచుకుంటారు. మగవాళ్లు అందులో అడుగుపెట్టరు. పొగ రాని వైపు అందరికంటే లోతుకు మునిగే మనిషిది. అది మల్‌జా చోటు. గీచల్ నల్లగా మెరిసే బూట్లతో లోపలికొచ్చి సరిగ్గా పొగ కొట్టేచోట నిలబడ్డాడు. అటు కాదు, ఇటు రమ్మని ఎవరూ అనలేదు.

"ఈసారి జాతర ఘనంగా చేద్దాం," అన్నాడు దగ్గుతూ. "జానపద ఉత్సవం. స్టేజీ, మైకులు. సియోల్ నుంచి పెద్దవాళ్లు విమానంలో వస్తున్నారు."

"ఏ జాతరయ్యా? నువ్వు తగలబెట్టిందేనా?" అన్నది సున్‌దోక్. ఆమె నోటికి వూళ్లో అందరూ జడుస్తారు.

"అప్పటి రోజులు వేరు. అప్పుడది మూఢనమ్మకం. ఇప్పుడు సంస్కృతి."

"ఓహో! మా గాలవ్వకు ప్రమోషనొచ్చిందే! ఏమర్రా, విన్నారా?"

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. గీచల్ కళ్లు తుడుచుకున్నాడు, పొగకే.

"ఆ నల్లరబ్బరు బట్టలు వద్దు. మీ అమ్మమ్మల నాటి తెల్ల నూలుబట్టలు కట్టుకోండి. ఫొటోల్లో బావుంటుంది."

"ఈ చలిలోనా? ముందు మీ ఆవిడకి కట్టి నీళ్లలో దించు. ఫొటో మేం తీస్తాం."

మల్‌జా నవ్వలేదు. "జాతరయ్యాక?" అని అడిగింది.

గీచల్ చూపు మంటలోకి దించుకున్నాడు. "అయ్యాక హోటలుకు శంకుస్థాపన. ఈ ఒడ్డంతా వాళ్లదే. ఈ గోడ తీసేస్తారు. మీకు వేరేచోట టైల్సు పరిచిన గది కట్టిస్తాం, వేడినీళ్లతో సహా."

"ఇసక?"

"తవ్వాలి కదా. పునాదులకి."

ఆడవాళ్లు లేచి గోడమీంచి చూశారు. ఇసకదిబ్బ వెనక రెండు బుల్డోజర్లు అప్పటికే వచ్చి నిలబడి ఉన్నాయి.

ఆ ఇసకలో ఏముందో వాళ్లందరికీ తెలుసు. 1948 చలికాలంలో, కొండమీది తిరుగుబాటుదార్లకు అన్నం పెట్టారని సైనికులు సగం వూరిని ఈ ఇసకమీదే నిలబెట్టి కాల్చారు. శవాలు ఎత్తనివ్వలేదు. గాలీ సముద్రమూ కలిసి పూడ్చాయి. మల్‌జాకు అప్పుడు పదేళ్లు. వాళ్లమ్మ అక్కడే ఉంది. గీచల్ తల్లీ అక్కడే ఉంది. ఆరేళ్ల గీచల్‌ను బాబాయి తన కొడుకుగా రాయించుకున్నాడు. కాల్చబడ్డవాళ్ల పిల్లలకు ప్రభుత్వోద్యోగం రాదు. వూరంతటికీ తెలుసు, వూరంతా నోరు కట్టుకుంది. ఆ చావుల గురించి మాట్లాడితే జైలు. ఏడిస్తే ఎందుకేడుస్తున్నావని పోలీసు అడిగేవాడు. ఏడవడానికి వాళ్లకు మిగిలింది జాతరొక్కటే. బోక్‌నే గొంతులోంచి చచ్చినవాళ్లు మాట్లాడతారు, బతికినవాళ్లు బదులిస్తారు. ఆ ఒక్కటీ తగలబెట్టారు. ఇప్పుడదే తెచ్చి హోటలు గుమ్మానికి తోరణంగా కడతామంటున్నారు.

మర్నాడు నెగడులో వూరి ఆడవాళ్లంతా కూడారు. యూనివర్సిటీలో చదివే మల్‌జా మేనకోడలు ఉన్‌సిల్ కూడా వచ్చింది.

"అత్తా, ఒప్పుకోవద్దు," అన్నదా పిల్ల. "జనం చేతుల్లోది లాక్కుని బొమ్మలాట చేస్తున్నాడు ఆ సియోల్ గద్దెమీది నియంత. మీరు స్టేజీ ఎక్కితే వాడికి చప్పట్లు కొట్టినట్టే. బహిష్కరించండి!"

"బహిష్కరిస్తే ఏమవుద్దే పిల్లా?" అన్నది సున్‌దోక్. "పట్నం నుంచి డాన్సరమ్మాయిలకి మన బట్టలేసి తెస్తారు. ఆ సియోలు దొరలకి తేడా తెలుస్తుందా? చప్పట్లు కొట్టి, విందు తిని, తవ్వుకుంటారు."

"మరి ఆడదామంటావా?"

"ఆడమని నేనన్నానా? నాకు తెలిస్తే ఈ చలిలో ఇక్కడెందుకు కూచుంటాను?"

ఎవరి మాట వాళ్లు గట్టిగా చెప్పుకున్నారు. టైల్సు గది మంచిదేగా అన్నదొకామె. "మీ అయ్య ఎముకలమీద వేడినీళ్లు పోసుకుంటావా?" అని ఇంకొకామె లేచింది. జుట్లు పట్టుకునేలోపు మల్‌జా మధ్యలో నిలబడింది.

"ఆడదాం," అన్నదామె. "కానీ వాళ్లడిగిన ముక్క కాదు. మొత్తం."

అందరూ బోక్‌నే వైపు చూశారు. ఆమె మంటలోకి ఒక కట్టె తోసి చెప్పింది: "మొత్తమంటే నేను పిలుస్తాను. ఎవరొస్తారో నా చేతిలో లేదు. పూజ ఎవరో ఒకరి పేరున జరగాలి. ఎవరి పేరున పిలిస్తే వాళ్లవాళ్లే ముందొస్తారు. పేరిచ్చినవాడు చివరిదాకా లేవకూడదు."

ఆ వారంలోనే గీచల్ రిహార్సలుకు వచ్చాడు. స్టేజీ ముందు కుర్చీలు సర్దిస్తూ, "పూజ ఎవరి పేరున చెబుతావు పెద్దమ్మా?" అని తనే అడిగాడు. "నా పేరు చెప్పు. మైకులో గట్టిగా. పైవాళ్లు వినాలి."

బోక్‌నే డోలు పక్కన పెట్టింది. "నాయనా, నువ్వీ గడ్డన పుట్టినవాడివి. పేరిస్తే ఏమవుతుందో నీకు తెలుసు. ఇంకొకసారి ఆలోచించుకో."

"అది గుళ్లో. ఇది స్టేజీ!" అని నవ్వాడు గీచల్. "స్టేజీ మీదికి ఎవరూ రారు."

అతను వెళ్లాక మల్‌జా బోక్‌నే చెయ్యి పట్టుకుంది. "వాళ్లమ్మ వస్తే గీచల్ ఉద్యోగం పోతుంది పెద్దమ్మా. పిల్లలున్నారు."

"మైకు ముందు ఆమె పేరు పలకనులే. ఏ వూరి కోడలో చెప్పను. కానీ కన్నతల్లి వస్తానంటే, కొడుకు ఆఫీసరమ్మా, రావొద్దని నేను చెప్పాలా? నువ్వు చెబుతావా?"

 మల్‌జా ఇంటికి పోయి, ఇన్నేళ్లూ దాచిన గంటలు తెచ్చి బోక్‌నే ఒళ్లో పెట్టింది.

జాతరనాడు ఎండ కాసింది, గాలి మాత్రం కోస్తోంది. ముందు వరసలో సూట్లు, మధ్యలో గీచల్, ఛాతీకి కాగితం పువ్వు. వెనక వూళ్లోవాళ్లూ, పక్కవూళ్ల మునకవాళ్లూ. ఉన్‌సిల్ స్నేహితులు గుంపులో అక్కడక్కడా నిలబడ్డారు. స్టేజీ మీద తెల్ల నూలుబట్టల్లో వణుకుతూ గమ్‌నే ఆడవాళ్లు. కెమెరాలు టకటకలాడాయి.

బోక్‌నే వూరి పేరు చెప్పింది. రోజు చెప్పింది. మైకులో గొంతెత్తి "ఈ పూజ మున్ గీచల్ పేరున!" అన్నది. గీచల్ చిరునవ్వుతో తల వంచాడు. సూట్లు చప్పట్లు కొట్టాయి.

గంటలు మోగాయి. డోలు మోగింది. గాలవ్వ వచ్చింది, విత్తనాలు చల్లింది. అక్కడితో ఆపాలని కార్యక్రమంలో ఉంది. బోక్‌నే ఆపలేదు. ఆమె భుజాలు కుంగాయి. గొంతు సన్నబడింది, పడుచుపిల్ల గొంతయింది.

"చిట్టీ... చలిగా ఉందిరా. నీ కాళ్లకి చెప్పులున్నాయా? ఆ రోజు నీ చెప్పు ఒకటి ఊడిపోయింది. వెతకడానికి వంగాను. అంతే."

ముందువరసలో గీచల్ చిరునవ్వు అలాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు.

"ఇసక బరువుగా ఉందిరా చిట్టీ. నామీద ఏదో ఇనప బండి నిలబడింది. ఎవరు పెట్టార్రా దాన్ని నా గుండెమీద?"

"ఏం నటిస్తోంది! అద్భుతం!" అన్నాడు ఒక సూటాయన, చప్పట్లు కొట్టాడు. పక్కవాళ్లూ కొట్టారు. తల్లుల చావుకు వాళ్లు చప్పట్లు కొట్టారు! అప్పుడు మల్‌జాలో ముప్పై అయిదేళ్లుగా బిగబట్టిన ఊపిరి తెగింది.

"అమ్మా!" అని అరిచిందామె స్టేజీ మీద నుంచి. "ఇక్కడే ఉన్నానమ్మా! నిన్ను తవ్వనివ్వను!"

సున్‌దోక్ తన అన్నను పిలిచింది. ఇంకొకామె మొగుణ్ణి పిలిచింది. వెనక గుంపులోంచి ముసలివాళ్లు, ఎన్నడూ నోరు విప్పనివాళ్లు, ఒక్కొక్కరే పేర్లు చెప్పి పిలవడం మొదలుపెట్టారు. పేరు వెంట పేరు. చప్పట్లు ఆగిపోయాయి. సూట్లు లేచి నిలబడ్డాయి.

"మైకు తీసెయ్యండి! దించండి వాళ్లని!" అని అరిచాడు పోలీసు ఇన్‌స్పెక్టరు. "ఆఫీసరు గారూ, ఆర్డరివ్వండి!"

గీచల్ సగం లేచాడు. నోరు తెరిచాడు. మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. పూజ ఇంకా అవలేదు, పేరిచ్చినవాడు లేవకూడదు. అతని పెదవులు కదిలాయి. ఆర్డరు మాత్రం రాలేదు.

మైకు ఆగిపోయింది. అయినా ఏం? నీళ్లలోంచి పైకి తేలినప్పుడు బిగబట్టిన ఊపిరిని ఈలగా వదలడం వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. స్టేజీమీది వాళ్లంతా ఒక్కసారి ఆ ఈల వేశారు. గుంపులోని మునకవాళ్లు బదులు వేశారు. ఏ మైకుకూ అందని చప్పుడది. ఈల వేస్తూనే స్టేజీ దిగి, సూట్లను తోసుకుంటూ ఇసకలోకి నడిచారు. బుల్డోజర్ల చుట్టూ వలయంగా కూచున్నారు, నెగడులో కూచున్నట్టే. ఉన్‌సిల్ వచ్చి చివర, పొగ కొట్టేచోట కూచోబోయింది. మల్‌జా జరిగి పక్కన చోటిచ్చింది.

"లేవండి! ఇది ప్రభుత్వం భూమి!"

"మా అమ్మ కిందుంది," అన్నది మల్‌జా. "ముందు ఆమెనడుగు."

లాఠీలు లేచాయి. సున్‌దోక్ నుదురు పగిలింది. అయినా వలయం తెగలేదు. ఒకామెను లాగితే ఇద్దరు ఆమె నడుం పట్టుకున్నారు. బుల్డోజరు డ్రైవరు, ఎక్కడివాడో మెయిన్‌లాండ్ మనిషి, కాసేపు చూసి తాళంచెవి జేబులో వేసుకుని దిగాడు. "నా బండి స్టార్టవదు," అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. సున్‌దోక్ పక్కనుంచి పోతూ తన చేతిరుమాలు ఆమె ఒళ్లో పడేశాడు.

చివరికి వాళ్లకు ఒక్క మనిషే దొరికింది. అబద్ధపు వదంతులు పుట్టించిందని బోక్‌నేను జీపెక్కించారు. గీచల్ ఇంకా ఖాళీ కుర్చీల మధ్య కూచునే ఉన్నాడు. జీపు పక్కనుంచి పోతుంటే కిటికీలోంచి బోక్‌నే అన్నది: "పూజయింది నాయనా. ఇక లే."

పొద్దు వాలేసరికి తీరం రోడ్డు మీద ఆడవాళ్ల వరస కనిపించింది. పక్కవూళ్ల మునకవాళ్లు, భుజాన నీళ్లలో పట్టుకు తేలే సొరబుర్రలు, చేతుల్లో కట్టెలు, అన్నం మూటలు. రేపు ఏ వూళ్లోనూ ఎవరూ నీళ్లలోకి దిగరని చెప్పారు. బుల్డోజర్ల ముందే మంట వేశారు. ఉన్‌సిల్ స్నేహితులు కట్టెలు విరుస్తూ పాత మునకపాట నేర్చుకుంటుంటే, తలకు రుమాలు కట్టుకున్న సున్‌దోక్ తప్పులు దిద్దుతూ తిడుతోంది.

మల్‌జా కాసేపటికి లేచింది. "పెద్దమ్మ ఇల్లు మూసొస్తాను."

బోక్‌నే వాకిట్లో పోలీసులు వెతికిపోయిన ఆనవాళ్లు. బార్లీ కుండ బోర్లాపడి ఉంది. వాకిలికి మూడు కర్రలూ అడ్డంగా పెట్టిపోయారు. దూరం పోయిన మనిషి అని ఆ ఇల్లు దారినపోయే అందరికీ చెబుతోంది. మల్‌జా వాటిని తీసి లోపలికి వెళ్లింది. చిందిన బార్లీ ఎత్తి కుండలో పోసింది. పక్క పరిచింది. పొయ్యిలో నిప్పు ఆరకుండా బూడిద కప్పింది. గది తలుపు చప్పుడు కాకుండా జరిపి మూసింది.

బయటికొచ్చి పైకర్రను గోడకు ఆనించింది. మధ్యకర్రను దాని పక్కన పెట్టింది. కిందికర్ర ఒక్కటి మాత్రం స్తంభాల మధ్య దూర్చి, గట్టిగా ఉందో లేదో చేత్తో కదిపి చూసుకుని, మంట వైపు నడిచింది.