జాడీలు దాటే వేళ

"జాడీలొస్తున్నాయ్! తలుపులేసుకోండి!"

ఊరిపెద్ద పంపిన మనిషి దండోరా వేస్తూ పరిగెత్తేసరికి మంత్రసాని ఒరికు తన ఇంట్లో పాతగుడ్డలు మూటగట్టుకుంటోంది. ఎదురింటి ఓమినోకు తెల్లవారుజామునుంచి నొప్పులు. గుడ్డలకోసమని ఒక్క పరుగున వచ్చిందామె. మధ్యనున్నది సన్నపాటి దారే. కానీ దేశాన్నేలే షోగన్ గారి టీ జాడీలు సాగిపోయేదాకా దాని మీద పిల్లి కూడా అడుగు పెట్టకూడదు.

కిసో కనుమలో ఏటా వేసవికి ఇదే భయం. ఉజిలో రెల్లుపందిళ్ల నీడన పెంచిన లేతాకును ఆవిరిపట్టి, సెగన ఆరబెట్టి, జాడీలకెత్తి, మూతులకు ముద్రవేసి పల్లకీల్లో షోగన్ ఉండే ఎదో నగరానికి మోసుకుపోతారు. చలికాలం మొదట్లో తిరగలిలో పచ్చటి పొడి చేసి, వేడినీళ్లలో నురగొచ్చేలా చిలికి దొరలు తాగుతారట. దారిపొడుగునా బోర్లాపడే జనమెవరూ దాని రుచి ఎరగరు. నిరుడు శవాన్ని మోసుకెళ్తూ ఎదురుపడిన అన్నదమ్ములు ఏమయ్యారో ఇప్పటికీ తెలియదు.

పొగ కూడా లేవకూడదని పొయ్యిలన్నీ ఆర్పేశారు. బల్లేలు వచ్చాయి, వాటి వెనక పల్లకీలు. అప్పుడే ఎదురింట్లోంచి ఒక కేక లేచి, సగంలో తెగిపోయింది. ఓమినో మొగుడు యసుకె ఆమె నోరు నొక్కేశాడని ఒరికుకు తెలిసిపోయింది.

పల్లకీలు ఆగాయి.

"ఎవర్తిరా అది? ఆ తలుపు పగలగొట్టండి!" అన్నాడు అధికారి.

ఒరికు బయటికొచ్చి దుమ్ములో బోర్లాపడింది. "దొరా, ఆ ఇంట్లో పురుడు. బిడ్డ అడ్డం తిరిగింది. నన్ను దాటనివ్వండి."

"జాడీల ముందు దాటుతావా? మెడమీద తల బరువైందా?"

"దాటకపోతే ఆ పిల్ల ఇప్పుడే పోతుంది దొరా. పురిటి మైల, చావు మైల రెండూ షోగన్ గారి టీకి అంటుతాయి. ఆ జవాబు మీరే చెప్పుకోవాలి."

బోయీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అధికారి జాడీలవైపు చూశాడు.

"నీ పేరు?"

"ఒరికు."

అధికారి కదలమన్నట్టు విసనకర్ర ఎత్తాడు. ఊరేగింపు ఇంచుమించు పరుగెత్తినట్టే పోయింది. చివరి బల్లెం మలుపు తిరగగానే ఒరికు దారి దాటింది.

యసుకె అరచేతి నిండా పంటిగాట్లు, నెత్తురు. "అత్తా, దీనికి ఊపిరాడుతోందా?" అన్నాడు.

"చెయ్యి తియ్యరా మొద్దూ! ఇప్పుడెంత అరిస్తే అంత మంచిది."

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. నీలంగా పుట్టిన పిల్ల వీపుమీద చరిస్తేగానీ ఏడవలేదు. ఆ ఏడుపు విన్నాక కూడా ఊళ్లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

పొద్దువాలకముందే ఊరిపెద్ద వచ్చాడు, వెనక ఇద్దరు బల్లెగాళ్లతో. ఒరికు కళ్లలోకి చూడలేదు.

"పేరు చెప్పావటగా. ఏదో ఒకటి చెప్పి ఊరుకోకూడదూ?"

"ఏదో ఒకటి చెబితే ఆ పేరుగలదాన్ని పట్టుకుపోతారుగా, మావా."

చేతులు కడుక్కుంది. "జావ పల్చగా తాగవే. చలిగాలి తగలనీకు," అని ఓమినోకు చెప్పి వాళ్లతో నడిచింది.

మంచు కురిసినా తిరిగి రాలేదు. ఆమె సంగతి అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. మరుసటి వేసవి జాడీలు రాకముందే ఊళ్లో నెలలు నిండిన ఆడవాళ్లంతా కొండదాటి పుట్టిళ్లకు పోయారు.