మెట్ల గోడ మీది బొమ్మ

ఆ పొద్దున అక్కకి కడుపు మండిపోయింది. మండదూ మరి? ఈ భవనంలో కింది గదిలో ఏళ్ల తరబడి బట్టలు కుడుతున్నది తను. అక్క ఉంది కదా అని పోయినేడు పై గదిలోకి దిగిన చెల్లెలు అప్పుడే అందరికీ పిన్ని అయిపోయింది. అక్క మాత్రం ఇప్పటికీ కుట్టుపని ఆవిడే.

చెల్లెలికి కాగితాల పిచ్చి. ఇంటింటికీ తిరిగి ఒకరి దగ్గర మందుల అట్టపెట్టె, ఇంకొకరి దగ్గర బస్సు టికెట్లు, పిల్లల పాత పుస్తకాల అట్టలు అడిగి తెచ్చుకుంది. ఎవరిచ్చిన కాగితంతో వాళ్ల బొమ్మే కత్తిరించి, అతికించి, భవనమంతటినీ మెట్ల గోడ మీదికి ఎక్కించింది. అక్క తలుపూ తట్టింది. మా ఇంట్లో చెత్త ఉండదని అక్క తలుపేసుకుంది. ఆ సంగతి ఆవిడకిప్పుడు గుర్తు లేదు, గుర్తు తెచ్చుకునే ఉద్దేశమూ లేదు.

జనమంతా గోడ ముందు మూగి, ఎవరిని వాళ్లు వెతుక్కుని మురిసిపోతున్నారు. వాచ్‌మన్ ఉన్నాడు, పంతులమ్మ ఉంది, మేడ మీది కవలలున్నారు. ఆఖరికి పిల్లి కూడా ఉంది. అక్క పైనుంచి కింది దాకా వెతికింది. తను లేదు. సొంత చెల్లెలి లెక్కలో తను పిల్లిపాటి కూడా చెయ్యదన్నమాట.

మధ్యాహ్నం అందరూ పనుల మీద పోయాక, బట్టలు కోసే కత్తెర తీసింది. కాగితం కోస్తే పదును పోతుందని దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు, చెల్లెలడిగినా ఇవ్వలేదు. ఆ కత్తెరతోనే తన పాత ఫొటోలోంచి ముఖం కత్తిరించింది. గోడ మీది బొమ్మలో అడుగున మూసిన తలుపొకటి ఉంది, దాని ముందు వీపు మాత్రమే కనబడే ఆడమనిషి ఒకతె కూర్చుని ఉంది. ముఖం లేనిదానికి ఇంత చోటెందుకని, ఆ వీపు మీదే జిగురు దట్టంగా రాసి తన ముఖం అతికించేసింది.

సాయంత్రం చెల్లెలు చూసింది. కోప్పడలేదు. దాంతో అక్కకి ఇంకా ఒళ్లు మండింది.

"అందరికీ చోటుంది, నాకే లేదా?" అంది.

"నువ్వు కాగితం ఇవ్వలేదుగా అక్కా. అందుకే నీ తలుపు పెట్టాను."

"మరి దాని ముందు కూర్చున్నదెవరు?"

"నేనే. అందరూ వస్తారు, కబుర్లు చెప్పి ఎవరింటికి వాళ్లు పోతారు. నాకున్నది నువ్వే కదా. ఎప్పటికైనా తలుపు తీస్తావేమోనని కూర్చున్నా."

అక్క గోడ వైపు తిరిగింది. అతికించిన తన ముఖాన్ని గోరుతో ఓ మూల నుంచి గీకడం మొదలుపెట్టింది. జిగురు గట్టిగా పట్టేసింది. తన ముఖం చిరిగితే చిరిగింది, కింద చెల్లెలు మిగిలితే చాలనుకుంటూ గీకుతూనే ఉంది.