పెసరట్టు ప్రాణదాత్రి

బర్ దుబాయ్‌లో చీరల కొట్టు పైనున్న ఫ్లాట్‌లోకి శనివారం మధ్యాహ్నం బిర్యానీ గిన్నె లేవగానే దేవుళ్లు దిగేవారు. దించేవాడు ఫరాజ్. నెల్లూరువాడు, కింద కొట్లోనే సేల్స్‌మన్. వారమంతా చీరలు మడతపెట్టి, వారాంతంలో కథలు విప్పేవాడు. అది పాచికల ఆటే కానీ పందెం లేదు. ఫరాజ్ ఓ కల్పిత రాజ్యాన్ని కట్టి అక్కడేం జరుగుతోందో చెబుతాడు. మిగతా ముగ్గురూ తలో పాత్రా వేసుకుని, నేనిది చేస్తున్నా అంటారు. అయిందో లేదో పాచిక తేలుస్తుంది.

ఫ్లాట్ రత్నాకర్‌ది. జగిత్యాల దిక్కు మనిషి, ఆటలో కత్తివీరుడు. ఇంట్లో మాత్రం ఉల్లిగడ్డ మీద కూడా కత్తి ఎత్తడని భార్య కరుణ ఫిర్యాదు. మూడో మనిషి రాజబాబుది కాకినాడ. రాస్ అల్ ఖైమాలో ఓ క్వారీ ఆఫీసులో పని. రాళ్లు పిండి చేసే చోట ఉద్యోగం, నోట్లో మాటలు పిండి చేయడం అలవాటు. ఆయన పాత్ర ఓ దొంగ. దానికి పేరు పెట్టమన్న రోజు ఆకలిమీదుండి ‘పెసరట్టు’ అన్నాడు, అదే ఖాయమైంది.

కరుణది పూజారిణి పాత్ర. జ్యోతిదేవుడి మఠంలో ఎవర్ని ఎలా పిలవాలో ఫరాజ్ పక్కాగా కట్టుదిట్టం చేశాడు. కొత్తగా చేరినవారు వత్తివారు. ఆ మాటని రాజబాబు వత్తి వత్తి పలికేవాడు. వాళ్ల పైన చమురువారు. చమురు దేశంలో జీతం తీసుకుంటూ చమురుని రెండో మెట్టు మీద కూర్చోబెట్టావేంట్రా అని రాజబాబు అడిగితే, జీతం కూడా అక్కడే ఉంది కదన్నా అన్నాడు ఫరాజ్.

అన్నిటికన్నా పై మెట్టు ప్రాణదాత. పూజారి మొట్టమొదట ఏ చచ్చినవాణ్ణి లేపితే వాడి పేరే బిరుదుకు ముందు చేరుతుంది. తర్వాత ఎంతమందిని లేపినా ఆ మొదటి పేరే శాశ్వతం. సొంత పేరు పెట్టి పిలవడం అమర్యాద. ఫరాజ్‌కి ఈ ఊహ ఇచ్చింది వాళ్ల కొట్టు కఫీల్, అంటే వీసా స్పాన్సర్ చేసే అరబ్బు. ఆయన్ని అందరూ అబూ రాషెద్ అంటారు, అంటే రాషెద్ వాళ్ల నాన్న. అసలు పేరేమిటో ఫరాజ్‌కి ఈ రోజుకీ తెలీదు.

ఈ నియమం విన్నరోజే కరుణ ఆట మీద గట్టిగా కూర్చుంది. ఆమె ఓ క్లినిక్‌లో రిసెప్షన్ చూస్తుంది. బీపీ చూపించుకోడానికి వచ్చే ముసలమ్మ ఒకామె ఉంది, సైఫ్ తల్లి కాబట్టి ఉమ్ సైఫ్. పేరు పిలిచినప్పుడల్లా ఆవిడ ఎదురడిగేది, నువ్వు ఎవరి ఉమ్మువి అని. కరుణ మాఫీ అనేది, ఎవరూ లేరని. ముసలమ్మ ఇన్షాల్లా, దేవుడిస్తాడులే అనేది. పెళ్లయి చాలా ఏళ్లైంది, ఆ ఇన్షాల్లా వినీవినీ కరుణకి విసుగొచ్చింది. అందుకే ఆటలోనైనా తనకో పేరుండాలి, అదీ అదిరిపోవాలి. కొండగుహలో విషం తిని రాతిపెట్టెలో పడివున్న యువరాజు విక్రాంతసేనుడున్నాడు. అతన్ని లేపితే విక్రాంతసేన ప్రాణదాత్రి. నెలల తరబడి మిగతా ఇద్దర్నీ ఆ గుహవైపు నడిపించింది ఆమే. ప్రాణజ్యోతి పున్నమికి ఒక్కసారే వెలుగుతుంది కాబట్టి, దాన్ని యువరాజు కోసం దాచింది.

ఓ శనివారం రాతిపెట్టె ఇంకో గది అవతలుందనగా, పెసరట్టు గోడలో మెరుస్తున్న పచ్చరాయి పెరికాడు. కప్పు కూలింది. రాజబాబు పాచిక వేశాడు, ఒకటి పడింది. తప్పించుకోడానికి ఇంకోసారి వేస్తే మళ్లీ ఒకటే. పాపం, తిరగేసినా మాడింది.

పెసరట్టు పోయాడన్నాడు ఫరాజ్.

రత్నాకర్ తేల్చేశాడు, ఇంకో దొంగని తయారు చేసుకోమని. రాజబాబు దీని మీద ఏదో ఒక మాట విసురుతాడని అందరూ చూశారు. విసర్లేదు. పాచికని బల్లమీద అటూ ఇటూ తిప్పుతున్నాడు.

కరోనా రోజుల్లో ఈ ఆట ఫోన్లో ఉండేది. రాజబాబు జ్వరంతో క్వారీ క్యాంపు గదిలో ఒంటరిగా ఉన్నాడు. ఎలా ఉన్నావన్నా అంటే పలికేవాడు కాదు. పెసరట్టు ఎలా ఉన్నాడంటే మాత్రం, గొంతు మార్చి, ఈరోజు రెండు ముద్దలు తిన్నాడండి అని చెప్పేవాడు. రోజూ అడిగింది కరుణే.

“ఏందన్నా, సప్పుడు చేస్తలేవు?” అంది కరుణ.

“ఏం లేదు చెల్లెమ్మా. నువ్వు రాజుగారబ్బాయిని లేపుకో. నేను ఇంకోణ్ణి రాసుకుంటాను. ఉప్మా అని పెడతాను.”

కరుణ లేచి వంటింట్లోకెళ్లి నీళ్లు తాగి వచ్చింది. జ్యోతి వెలిగిస్తున్నానంది.

“భాభీ, ఆలోచించుకోండి,” అన్నాడు ఫరాజ్. “ఒకసారి పడితే ఆ పేరు మళ్లా మారదు. విక్రాంతసేనుణ్ణి లేపినా మారదు.”

“తెల్సు. పాచిక ఇయ్యి.”

వేసింది. గెలిచింది. లేచినవాడు మొదటి మాటగా లేపినవారి బిరుదు పలకాలన్నది మఠం మర్యాద. రాజబాబు కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని, “పెసరట్టు ప్రాణదాత్రి గారూ,” అన్నాడు. ఆ వెంటనే, అల్లప్పచ్చడి ఏమైనా ఉందా అండి అని అడిగాడు.

ఆటలో మరుసటి పున్నమికి యువరాజూ లేచాడు. ఫరాజ్ మహా గంభీరంగా, కంచు మోగినట్టు, ‘ఓ పెసరట్టు ప్రాణదాత్రీ, నా సింహాసనం నీ పాదాల చెంత’ అనిపించాడు. రత్నాకర్ నవ్వలేక కింద పడ్డాడు.

ఆ తర్వాతి సోమవారం క్లినిక్‌కి ఉమ్ సైఫ్ వచ్చింది. చీటీ తీసుకుంటూ ఎప్పటిలాగే అడిగింది.

ఉమ్ పెసరట్టు అంది కరుణ. ముసలమ్మ కళ్లజోడు తీసింది. కొడుకా అని అడిగింది. కాదమ్మా, ఆటలో ఒక దొంగ, చచ్చిపోతే నేనే బతికించానని కరుణ, ముసలమ్మకీ కాస్త అర్థమయ్యే హిందీలో, తనకొచ్చినంత చెప్పింది. ఆటంటే ఏమిటో ముసలమ్మ పట్టించుకోలేదు.

“బతికాడుగా,” అంది. “అల్‌హందులిల్లా, దేవుడి దయ.”

వెళ్లి సోఫాలో కూర్చుంది. అరబ్బీ నోటికి ప పలకదు. కాసేపాగి హాలంతా వినబడేలా, ఉమ్ బెసరట్టూ, ఇంకెంతసేపు అని కేకేసింది.

వస్తున్నా ఉమ్ సైఫ్, తర్వాతి నంబరు మీదే అంది కరుణ.