చెరువులో కాలు పెట్టను

"పప్పు గట్టిగా రుబ్బమ్మాయ్, జారుగా అయితే గారె నూనె తాగుతాది," అంది అత్త రంగనాయకమ్మ. ఆ వెంటనే, అదే గొంతుతో, "రేపటి నుంచి ఆ పడవ మాట మర్చిపో," అంది.

గ్రైండర్‌లో పప్పు తోస్తున్న భవాని చెయ్యి ఆగిపోయింది.

పెళ్లయి మూడు నెలలు. భవానికి ఇంకా అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. స్నేహితురాళ్లతో ఫోన్లో "మా ఆయన" అనడం ముచ్చట. మార్కాపురం పలకల ఫ్యాక్టరీ నుంచి గోవర్ధన్ వచ్చి చొక్కా దులిపితే రేగే బూడిదరంగు పొడి ముచ్చట. కంభం స్టేషను బయట ఒకే కాగితంలో ఇద్దరూ తినే మిరపకాయ బజ్జీ మరీ ముచ్చట. వీటన్నిటినీ మించింది పడవ. ఆమె పీజీ చదివే కాలేజీలో షబీనా మేడమ్ ఆడపిల్లలకు రోయింగ్ జట్టు పెట్టింది. సాధన కంభం చెరువులో. అత్తగారిల్లు ఆ చెరువు కట్ట దగ్గరే కుదరడం తన అదృష్టమని పెళ్లిచూపుల రోజే అనుకుంది భవాని.

అదృష్టం ఊరికే రాలేదు. చీకటితోనే లేచి అందరికీ అన్నం కూర వండిపెట్టి పోవాలి. మొదట్లో అరచేతులు బొబ్బలెక్కి, పచ్చిమిరపకాయలు తరుగుతుంటే కళ్ల నీళ్లు తిరిగేవి. తొడలు పట్టేసి, పీట మీద కూర్చుంటే లేవలేకపోయేది. "పడవ తోలే ఒంటికి ఇల్లు చిమ్మేది బరువైందా?" అని పెదమామయ్య రామయ్య నలుగురిలో నవ్వించాడు. అయినా నాలుగు తెడ్లు ఒక్కటే చప్పుడుగా నీళ్లలో మునిగి, పడవ నీటిని వదిలి లేచినట్టు జారిపోయే ఆ కాసేపు భవాని ఎవరి కోడలూ కాదు. తెడ్డు వేసేవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు. దూరమైపోయే గట్టు కనిపిస్తుంది గానీ చేరబోయే గట్టు కనిపించదు. దాన్ని చూస్తూ అరిచి చెప్పడానికి ఒక పిల్ల వేరే ఉంటుంది. అది కూడా ఆమెకు నచ్చింది.

పేరంటాలి కథ విన్న నాటి నుంచే ఆ హాయి చెడింది.

ఆ ఇంటి పేరంటాలు యశోద, రామయ్య పెళ్లాం, రంగనాయకమ్మకు తోడికోడలు. నలభై ఏళ్ల కిందట బట్టలుతకడానికి పోయి, కాలు జారి చెరువులో పడింది. శవం దొరకలేదు. పసుపు కుంకుమలతో పోయింది కాబట్టి పేరంటాలైంది. వంటింటి గోడలో ఆమెకు ఒక గూడు. కార్తీకంలో మొదటి శుక్రవారం గారెలు, కొత్త చీర. ఆ ఇంటికి వచ్చిన కొత్త కోడలు ఆ చీర కట్టుకొని, గూటి ముందు నిలబడి, "చెరువులో కాలు పెట్టను" అని ప్రమాణం చెయ్యాలి.

అది విన్న మర్నాడే భవానికి నీళ్ల మీద ఐదో చప్పుడు వినిపించింది. నాలుగు తెడ్లూ లేచిన తర్వాత, తన వీపు వెనక, ఎవరో చేత్తో నీళ్లను తోసుకుంటూ పోతున్నట్టు. అటు తిరగడానికి లేదు, తిరిగితే తెడ్డు తప్పుతుంది. అప్పటి నుంచి రోజూ అంతే.

"నీ తెడ్డే ఆలస్యంగా లేస్తా ఉంది," అంది షబీనా మేడమ్. "ఏందమ్మా భయం? శుక్రవారం పొద్దున సెలక్షన్. విజయవాడ పోయేది నలుగురే. నువ్వు రాకుంటే నీ సీటు ఇంకొకరికిస్తా."

గురువారం సాయంత్రం పప్పు రుబ్బడం అయ్యాక, ప్రమాణం, సెలక్షన్ రెండూ రేపు పొద్దునే అని గోవర్ధన్‌తో చెప్పుకుంది.

"ఒక్క మాటే గదా, అనేయ్. పోయేదేముంది?" అన్నాడు అతను.

"పడవ పోతాది."

"అయినా నీ చేతులు చూసుకో. మా ఫ్యాక్టరీలో రాయి కొట్టేటోళ్ల చేతుల్లా ఉండాయి."

మొదటి నెలలో ఆ చేతులనే ముద్దు పెట్టుకున్నాడు. ఆ సంగతి గుర్తు చేద్దామనుకొని, మానేసి, పప్పు గిన్నె మీద మూత పెట్టింది.

శుక్రవారం తెల్లవారుతుండగా రంగనాయకమ్మ గది తలుపు మూసి కోడలికి చీర కట్టింది. ముందు మోకాళ్ల మీద కూర్చొని కుచ్చిళ్లు సర్దుతోంది. బయట బంధువుల మాటలు, నూనె వాసన.

"అత్తమ్మా, ఆమె నా వీపు వెనకే ఈదతా ఉంది," అంది భవాని ఉండబట్టలేక. "పడవకు ముందర. నీళ్లలో చేతులేస్తున్న చప్పుడు వినిపిస్తా ఉంది నాకు."

రంగనాయకమ్మ చేతులు ఆగాయి. భయపడుతుందనుకుంది భవాని. ఆమె తల ఎత్తకుండానే, "నాకూ వినిపిస్తాది," అంది. "యశోదక్కకు ఈత వచ్చు."

"ఏంది?"

"వెలిగండ్లలో వాళ్ల నాయన బావిలో నేర్చుకునిందంట. ఆ పొద్దు నేనూ బట్టలుతుకుతా ఉన్యా. ముందురోజు మీ పెదమామ కొట్టిన దెబ్బకు కన్ను వాచింది. చీర గోచి పెట్టి, నీళ్లలో దిగి ఈదుకుంటా పోయింది. చేతులెట్ల వేసిందనుకున్నావు! అటు గట్టు ఎక్కింది. చీర పిండుకునింది. చేత్తో నన్ను రమ్మనింది."

"మరి మీరు?" అంది భవాని.

"నాకు ఈత రాదు గదమ్మా."

కుచ్చిళ్లు దోపి రంగనాయకమ్మ లేచింది. "కాలు జారిందని నేనే చెప్పినాను. చెప్పకుంటే వెతికి పట్టుకొచ్చేటోళ్లు. శవం దొరక్క అనుమానపడినా, లేచిపోయిందని చెప్పుకోలేక దేవతను చేసినారు. ఈ గూటికి నలభై ఏండ్ల నుంచి మొక్కుతా ఉండా, యాడో ఒక చోట బతికే ఉండాల అని."

బయటి నుంచి రామయ్య కేక వేశాడు. "కోడల్ని తేండి! నా యశోద ఆకలి మీదుంటాది."

గూటి ముందు దీపం వెలుగుతోంది. పక్కన గోవర్ధన్ నవ్వుతూ నిలబడ్డాడు. "చెప్పమ్మా," అన్నాడు రామయ్య, "చెరువులో కాలు పెట్టను అని."

భవాని అత్త వైపు చూడలేదు. చూస్తే ఆ రహస్యం తన ముఖంలో అందరికీ కనిపిస్తుందని భయం.

"చెప్పను, పెదమామయ్యా," అంది. "నాకు టైమైంది."

గదిలోకి పోయి, చీర మార్చుకొని, జట్టు బట్టలేసుకొని వచ్చింది. "ఏందే, నా పరువు..." అంటున్న గోవర్ధన్ పక్కనుంచి గడప దాటింది.

మేడమ్ ఈల వేసింది. నాలుగు తెడ్లూ మునిగాయి. వదిలి వస్తున్న గట్టు మీద బంధువులు, చేతులూపుతూ అరుస్తున్న రామయ్య, తల దించుకున్న గోవర్ధన్. తెడ్డు తెడ్డుకూ అందరూ చిన్నవాళ్లవుతున్నారు. వాళ్ల మధ్యలోంచి రంగనాయకమ్మ ఒక్కతే రాళ్ల మీదుగా దిగింది. చీర ఎత్తి పట్టుకొని, మోకాళ్ల దాకా నీళ్లలోకి వచ్చి నిలబడింది. ఆమె పడవను చూడటం లేదు. భవానికి కనిపించని అవతలి గట్టు వైపు, పిలిస్తే పలకబోతున్న మనిషిలా చూస్తోంది.